అశోక్‌నగర్‌లో మ్యూనిక్

సాయంత్రం ఏడు దాటింది. చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ గేటు ముందు నిలబడి ఉన్నారు మీరు. లోపల కుర్చీ దొరకనివాళ్లు ఆవరణలోనే ఎక్కడ వెలుతురుంటే అక్కడ సర్దుకున్నారు. ఒకమ్మాయి చున్నీ చెవులకు చుట్టుకుని ఎకానమీ నోట్స్ వల్లెవేస్తోంది. పక్కనే ఒకతను ఛాతీమీద పుస్తకం బోర్లించుకుని నిద్రపోయాడు. గేటు దాటితే జిరాక్స్ షాపు, టీ బండి, మళ్లీ జిరాక్స్ షాపు. అశోక్‌నగర్ వైపు తిరిగితే గోడల నిండా హాస్టళ్ల ప్రకటనలు, టెస్ట్ సిరీస్ ప్రకటనలు. ఈ రెండు మూడు వీధుల్లో దొరికినన్ని పాత ప్రశ్నపత్రాలు రాష్ట్రంలో ఇంకెక్కడా దొరకవేమో.

టీ బండి దగ్గర ఇద్దరు వాదించుకుంటున్నారు. గ్లాసుల్లో టీ చల్లారిపోతున్నా పట్టించుకోవడం లేదు. ఆమెది మానుకోట. సివిల్స్‌లో ఆప్షనల్ పీఎస్ఐఆర్, అంటే రాజనీతి శాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు. ఒకసారి మెయిన్స్ దాకా వెళ్లి ఆగిపోయింది. అతనిది గుంటూరు దగ్గర పల్లెటూరు. గ్రూప్-1 కోసం వచ్చి సివిల్స్ మీదికి మళ్లాడు. గొడవంతా ఇరాన్‌తో అమెరికా అణు ఒప్పందం గురించి.

"ఒబామా చేసింది అపీజ్‌మెంట్ కాక ఇంకేంటక్కా? ఆంక్షలు ఎత్తేసి, ఆగిపోయిన డబ్బులు వదిలేసి, బాబ్బాబు అని బతిమాలుకున్నాడు. అచ్చం మ్యూనిక్."

"అగో, మళ్ల మ్యూనిక్ తీసినవ్. ఎవలు మాట్లాడుకున్నా నీకు మ్యూనిక్కేనా తమ్మీ? గాడ ఏం రాసుకున్నరో ముందుగాల జెప్పు."

అతను గడగడా చెప్పేస్తాడు. 1938 సెప్టెంబర్ 30, తెల్లవారుజాము. హిట్లర్, ముస్సోలినీ, చాంబర్లేన్, దలాడియే కూర్చుని చెకొస్లోవాకియా దేశంలోని సుడేటన్ ప్రాంతాన్ని జర్మనీకి రాసిచ్చారు. ఆ దేశం ప్రతినిధుల్ని గదిలోకి కూడా రానివ్వలేదు. చాంబర్లేన్ లండన్‌లో దిగి శాంతి తెచ్చానని కాగితం ఊపాడు. ఆరు నెలలు తిరక్కుండా, 1939 మార్చి 15న, జర్మన్ సైన్యం ప్రాగ్‌లో ఉంది. అందుకే శత్రువుతో మాట్లాడితే అతను ఇంకా బలుస్తాడని గుంటూరు కుర్రాడి సిద్ధాంతం.

అతన్ని తప్పుపట్టలేం. ఎనభై ఏళ్లకు పైగా అమెరికాలో రాజకీయం చేసిన పెద్దవాళ్లంతా ఆ గ్లాసు టీనే తాగారు. అక్కడ ఈ అపీజ్‌మెంట్ నింద, అంటే శత్రువుకి లొంగి బుజ్జగించాడన్న నింద, వేయని పార్టీ లేదు, మోయని పార్టీ లేదు. 1952 ఎన్నికల్లో రిపబ్లికన్ల ఉపాధ్యక్ష అభ్యర్థి రిచర్డ్ నిక్సన్, డెమొక్రాట్ల అభ్యర్థి అడ్లై స్టీవెన్‌సన్ పేరు పక్కనే ఈ బిరుదు తగిలించి ఊరూరా తిరిగాడు. ఇరవయ్యేళ్లకు, 1972 ఫిబ్రవరిలో, అదే నిక్సన్ బీజింగ్ వెళ్లి మావోతో చేయి కలిపాడు. సోవియట్ యూనియన్ పేరెత్తితే నిప్పులు కక్కిన రేగన్‌కీ తప్పలేదు. 1987 డిసెంబర్‌లో గోర్బచేవ్‌తో కలిసి మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం మీద సంతకం చేస్తే, అతని సొంత శిబిరంలోని సంప్రదాయవాదులు పత్రికల్లో ప్రకటన వేయించారు. ఒక పక్క హిట్లర్‌తో చాంబర్లేన్, ఇంకో పక్క గోర్బచేవ్‌తో రేగన్.

"2008లో బుష్ ఇజ్రాయెల్ పార్లమెంటులో ఏమన్నాడో చదివావా అక్కా?" అంటాడతను.

చదివింది. మే 15. ఉగ్రవాదులతో, దుర్మార్గులతో మాటలు పెట్టుకుందామనేవాళ్లు నాజీల కాలంనాటి పొరపాటే మళ్లీ చేస్తున్నారన్నాడు బుష్. పేరు చెప్పలేదు కానీ అప్పటికి ఎన్నికల బరిలో ఉన్న ఒబామాకు తగలాల్సినంతా తగిలింది. ఆమె ఊరుకుంటుందా?

"మరి 2018 జూన్ 12 సంగతేంది? సింగపూర్ల ట్రంప్ పోయి కిమ్‌తోని చేతులు కలిపిండు. దక్షిణ కొరియాను అడగకుంటనే సైనిక విన్యాసాలు ఆపుతమన్నడు. గప్పుడు లొంగిపోయిండని మొత్తుకున్నది ఎవలు? డెమొక్రాట్లే గదా. కుర్చీల ఎవడుంటే వాడు చాంబర్లేన్. బయట ఉన్నోడు చర్చిల్."

టీ బండతను నవ్వాడు. రోజూ వింటున్నాడు పాపం. ఈ పాటికి అతనూ జీఎస్ పేపర్ రాసేయగలడు.

ఇక్కడ మిమ్మల్ని ఒక్క క్షణం వాషింగ్టన్ తీసుకెళ్లాలి. 1962 అక్టోబర్ 19, వైట్‌హౌస్ కేబినెట్ గది. క్యూబాలో సోవియట్ అణు క్షిపణులున్నాయని తెలిసి మూడు రోజులైంది. బల్లకు ఒకవైపు అధ్యక్షుడు కెనడీ, ఎదురుగా త్రివిధ దళాల అధిపతులు. సముద్రంలో దిగ్బంధం పెట్టి చూద్దామన్నది కెనడీ ఆలోచన. వైమానిక దళాధిపతి కర్టిస్ లెమే అడ్డం తిరిగాడు. ఇది దాదాపు మ్యూనిక్ అంత దరిద్రమైన పని అని ముఖం మీదే అన్నాడు. గదిలో వాళ్లకి ఆ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో తెలుసు. మ్యూనిక్ నాటికి లండన్‌లో అమెరికా రాయబారి కెనడీ తండ్రే. చాంబర్లేన్‌ని వెనకేసుకొచ్చి పరువు పోగొట్టుకున్న మనిషి. కొడుకు ఇరవై మూడేళ్ల వయసులో వెలువరించిన మొదటి పుస్తకం, ఇంగ్లండ్ ఎందుకు నిద్రపోయిందన్న దాని గురించే. టేపు తిరుగుతోంది. కెనడీ గొంతు పెంచలేదు. తొమ్మిది రోజుల తర్వాత క్రుశ్చేవ్ క్షిపణులు వెనక్కి తీసుకుంటానన్నాడు. బదులుగా క్యూబా మీదికి దండెత్తనని కెనడీ బహిరంగంగా మాటిచ్చాడు. టర్కీలోని తమ జూపిటర్ క్షిపణులు తీసేస్తానని గుట్టుగా మాటిచ్చాడు. ఆ రెండో సంగతి చాలా ఏళ్లపాటు బయటికి పొక్కనివ్వలేదు. పొక్కి ఉంటే లెమే వేసిన ముద్ర కెనడీ నుదుటి మీద అలాగే ఉండిపోయేది.

"సార్, మీరు నారాయణగూడ దిక్కేనా?" మిమ్మల్నే అడుగుతోంది ఆమె. "నా హాస్టల్ గూడ అటే. నడుసుకుంట పోదాం. గీ తమ్మికి ఒకటి చూపియ్యాలె."

నడక మొదలైంది. తల మీద మెట్రో. 2020 ఫిబ్రవరిలో ఈ దారిన రైలు నడవడం మొదలైనప్పటి నుంచి చిక్కడపల్లి నడిరోడ్డు మొత్తం స్తంభాల నీడలోనే ఉంది. ఒకవైపు వెంకటేశ్వరస్వామి గుడి గంట, ఇంకోవైపు మిర్చి బజ్జీల మూకుడు సవ్వడి. త్యాగరాయ గానసభ ఈ చుట్టుపక్కలే. ఆటోల హారన్ల మధ్య ఆమె వెనక్కి తిరిగి మాట్లాడుతుంటే సగమే వినపడుతోంది. నారాయణగూడ చౌరస్తాలో వైఎంసీఏ దగ్గర ఆగింది.

"తమ్మీ, అమెరికా ముచ్చట పక్కనబెట్టు. గీడ నిలబడితే ఒక దిక్కు కింగ్‌కోఠి. ఇంకో దిక్కు లింగంపల్లి. నీ మ్యూనిక్ మొత్తం గీ రెంటి నడుమనే ఉన్నది."

ఇప్పుడు స్తంభాలు తీసేయండి. ఫ్లైఓవర్ తీసేయండి. 1947 అక్టోబర్ 26 రాత్రి. ఇక్కడికి కూతవేటు దూరంలో, కింగ్‌కోఠిలో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బల్ల మీద ఒక కాగితం ఉంది. ఢిల్లీతో యథాతథ ఒప్పందం. రక్షణ, విదేశాంగం, కమ్యూనికేషన్లు ఇంగ్లిషువాళ్ల కాలంలో ఉన్నట్టే సాగుతాయి. విలీనం మాట లేదు. దాన్ని బేరమాడి తెచ్చినవాళ్లు ప్రధాని ఛత్తారీ నవాబు, న్యాయసలహాదారు వాల్టర్ మాంక్‌టన్, సుల్తాన్ అహ్మద్ బృందం. నిజాం కార్యనిర్వాహక మండలి చర్చించి ఆరుగురు అవునని, ముగ్గురు కాదని తేల్చింది. నిజాం కూడా ఒప్పుకున్నాడు. సంతకం మాత్రం పొద్దున పెడతానన్నాడు. పొద్దున్నే ప్రతినిధి బృందం ఢిల్లీ విమానం ఎక్కాలి.

తెల్లవారుజామున మూడింటికి మెలకువొచ్చింది మీకు. వీధిలో జనం. లారీలు, లాంతర్లు, లౌడ్‌స్పీకర్లు. ఇత్తెహాదుల్ ముస్లిమీన్ నాయకుడు ఖాసిం రజ్వీ మనుషులు. పాతికవేల దాకా ఉంటారని తర్వాత లెక్కగట్టారు. ఛత్తారీ, మాంక్‌టన్, సుల్తాన్ అహ్మద్ ఇళ్లను చుట్టేశారు. వీళ్లని ఢిల్లీ వెళ్లనివ్వం, హైదరాబాద్‌ని అమ్మేస్తున్నారని కేకలు. పోలీసు జాడ లేదు. చివరికి నిజాం సైన్యమొచ్చి ఆ కుటుంబాల్ని బయటికి తెచ్చింది. నిజాం తలచుకుంటే అరగంటలో చెదరగొట్టగల గుంపు అది. తలచుకోలేదు. రజ్వీని పిలిపించాడు. భారత ప్రభుత్వం కశ్మీర్‌లో ఇరుక్కుంది, ఇప్పుడు గట్టిగా నిలబడితే ఇంతకంటే మంచి షరతులొస్తాయి అన్నాడు రజ్వీ. అతని మాటలో సమయజ్ఞానం ఉంది, కాదనలేం. సరిగ్గా అదే రోజు, అక్టోబర్ 27న, భారత సైనికులతో విమానాలు శ్రీనగర్‌లో దిగుతున్నాయి.

కాగితం పక్కకు పోయింది. మాంక్‌టన్, ఛత్తారీ తప్పుకున్నారు. కొత్త బృందం బయల్దేరింది. మొయిన్ నవాజ్ జంగ్, అబ్దుర్ రహీం, పింగళి వెంకటరామారెడ్డి. (ఈ నారాయణగూడలోనే మహిళా కళాశాల పేరులో ఉన్న కొత్వాల్ రాజాబహదూర్ వెంకటరామారెడ్డి వేరు. కోచింగ్ నోట్సుల్లో కూడా ఇద్దరినీ కలిపేస్తుంటారు.) ఢిల్లీ ఒక్క ముఖ్యమైన షరతు కూడా మార్చనంది. ఒక నెలంతా గింజుకున్నాక, నవంబర్ 29న, నిజాం సంతకం పెట్టాడు. దాదాపు అదే కాగితం మీద.

గుంటూరు కుర్రాడు ఆగిపోయాడు. "అంటే… అంత గొడవా చేసి సాధించిందేంటి?"

"మనుషులు మారిన్రు తమ్మీ. కాయితం గట్లనే ఉండె."

ఇదే నేను చెప్పాలనుకున్నది కూడా. లొంగిపోయారన్న కేక బేరాన్ని మెరుగుపరచడం అరుదు. బేరమాడేవాళ్లను మార్చేస్తుంది. ఆ రోజుల్లో ఛత్తారీ స్థానంలో మీర్ లాయక్ అలీ ప్రధాని అయ్యాడు. మాంక్‌టన్ తర్వాత మళ్లీ వచ్చాడు కానీ పగ్గాలు అప్పటికే వేరే చేతుల్లో ఉన్నాయి. ఇక రాజీ మాట ఎవరెత్తినా అక్టోబర్ 27 వాళ్ల కళ్లముందు మెదిలేది.

ఒప్పందం ఏడాది గడువుకి. ఆ ఏడాదిలో ఇద్దరూ చేయాల్సినవన్నీ చేశారు. హైదరాబాద్ తన దగ్గరున్న భారత ప్రభుత్వ బాండ్లు ఇరవై కోట్ల రూపాయల మేర పాకిస్తాన్‌కి అప్పుగా ఇచ్చింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి రాత్రిళ్లు విమానాల్లో ఆయుధాలు చేరవేశాడు. పల్లెల్లో రజ్వీ సాయుధ దళం రజాకార్లు. ఒక పక్క కమ్యూనిస్టుల సాయుధ పోరాటం. భయపడ్డ కుటుంబాలు మూటాముల్లె కట్టుకుని విజయవాడ దాకా, షోలాపూర్ దాకా వెళ్లి శిబిరాల్లో తలదాచుకున్నాయి. ఢిల్లీ కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు. సరిహద్దుల్లో సరుకులు ఆపేసింది. పెట్రోలుకి కటకట, మందులకి కటకట. దక్షిణ కమాండ్‌లో లెఫ్టినెంట్ జనరల్ గొడార్డ్ దాడి పథకం గీసి పెట్టాడు. ఇద్దరూ ఎదుటివాడే ఒప్పందం ఉల్లంఘించాడని ఉత్తరాలు రాసుకున్నారు. ఆ ఉత్తరాలన్నీ చదివితే ఇద్దరి మాటా నిజమేనని తేలుతుంది.

ఢిల్లీలో మెతకదనం నింద ఎవరి మీద పడిందంటారా? మౌంట్‌బాటన్ మీద, నెహ్రూ మీద. బొల్లారంలో భారత ప్రతినిధిగా కూర్చున్న కె.ఎం. మున్షీ ప్రతి వారం చెడు వార్తలు పంపుతూనే ఉన్నాడు. పటేల్‌కి ఓపిక నశించింది. నెహ్రూ భయం వేరు. సైన్యం కదిలితే దేశమంతా మతకలహాలు రేగుతాయేమోనని. 1948 జూన్‌లో, దేశం వదిలి వెళ్లేముందు, మౌంట్‌బాటన్ ఆఖరి ముసాయిదా తయారు చేయించాడు. విలీనం మీద ప్రజాభిప్రాయ సేకరణ, రజాకార్లను దశలవారీగా రద్దు చేయడం, నిజాంకి సొంత సైన్యం కొంత మిగలడం. పటేల్‌కి ఒళ్లు మండింది. అయినా మౌంట్‌బాటన్ ముఖం చూసి సరేనన్నాడు. హైదరాబాద్‌కి అంతకంటే ఉదారమైన కాగితం ఇక ఎప్పుడూ రాదు. నిజాం కాదన్నాడు. జూన్ 21న మౌంట్‌బాటన్ ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. ఆ షరతులు ఆయనతోనే పోయాయని పటేల్ తేల్చేశాడు.

అమెరికా ఈ కథలో లేదనుకున్నారా? ఉంది. దారులన్నీ మూసుకుపోతున్నాక నిజాం మధ్యవర్తిత్వం చేయమని అధ్యక్షుడు ట్రూమన్‌ని వేడుకున్నాడు. భారతదేశం ఒప్పుకోకుండా మేం రాలేమని వాషింగ్టన్ తప్పుకుంది. తర్వాత మిగిలింది ఐక్యరాజ్యసమితి. 1948 ఆగస్టు 21న హైదరాబాద్ ప్రభుత్వం భద్రతామండలికి టెలిగ్రాం కొట్టింది, భారత్ మమ్మల్ని బెదిరిస్తోందని.

ఆ తేదీ గుర్తుపెట్టుకోండి. మీరిప్పుడు నారాయణగూడ చౌరస్తా వదిలి లింగంపల్లి వైపు నడుస్తున్నారు. పాత ఇళ్లు పగలగొట్టి కట్టిన అపార్ట్‌మెంట్లు, సెల్లార్లలో కార్లు, ఇస్త్రీ బండ్లు. మానుకోట అమ్మాయి గొంతు తగ్గించింది.

"గీయనది మా దిక్కే సార్. మానుకోట పక్కన శుభ్రవేడు. షోయబుల్లా ఖాన్."

ఆయనకి ఇరవై ఏడేళ్లు. ఉర్దూ విలేకరి. మందుముల నర్సింగరావు నడిపిన 'రయ్యత్'లో పనిచేశాడు. ప్రభుత్వం దాన్ని మూయించాక, బూర్గుల రామకృష్ణారావు అండతో 1947 నవంబర్‌లో సొంతంగా 'ఇమ్రోజ్' పెట్టాడు. యథాతథ ఒప్పందం సంతకమైన నెలే అది. రజాకార్లు చేస్తున్న పనులు పేర్లతో సహా రాశాడు. హైదరాబాద్ భారతదేశంలో కలవాలని రాశాడు. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు అదే మాట నిజాంకి విజ్ఞప్తిగా పంపితే అచ్చు వేశాడు. హిందువులు రాస్తే రజ్వీకి లెక్కలేదు, వాళ్లు శత్రువులు. ముస్లిం రాస్తే ద్రోహి. అలాంటి చేతులు నరికేస్తామని కొద్దిరోజుల ముందే సభలో రజ్వీ గర్జించాడు.

ఆగస్టు 21 రాత్రి. మీరు కాచిగూడలో ఉన్నారు. ఇమ్రోజ్ ఆఫీసులో రేపటి పేపరు పని ముగిసింది. సిరా వాసన, కాతిబ్‌లు లేచి చేతులు తుడుచుకుంటున్నారు. బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో కలిసి ఇంటికి బయల్దేరాడు షోయబుల్లా. ఇల్లు దగ్గరే, చప్పల్ బజార్. అర్ధరాత్రి దాటింది కాబట్టి తేదీ మారి 22 అయింది. దీపాలు తక్కువ. లింగంపల్లి చౌరస్తా దరిదాపుల్లో వెనకనుంచి ఎవరో పలకరించినట్టు దగ్గరికొచ్చారు. తుపాకి పేలింది. కింద పడ్డాక కత్తులు తీశారు. ముందే చెప్పినట్టు చేతి మీదికే వచ్చారు. అడ్డుపడ్డ ఇస్మాయిల్ చేయి కూడా తెగింది. ఇంటికి మోసుకొచ్చాక కూడా షోయబుల్లాకి కాసేపు తెలివుంది. తెల్లారేలోపు పోయాడు. ఇల్లు చేరడానికి నాలుగడుగులే మిగిలాయి.

లేక్ సక్సెస్‌లో టెలిగ్రాం ఎవరో టైపు చేసి ఫైల్లో పెట్టుకున్నారు. అది న్యూయార్క్ దగ్గర అప్పటి ఐక్యరాజ్యసమితి కార్యాలయం. ఢిల్లీలో ఇంకా ఓపిక పడదామన్నవాళ్లు, ఇక చాలన్నవాళ్లు కేబినెట్‌లో వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదన తేలేలోపే, వారం తిరక్కుండా, ఆగస్టు 27న, బైరాన్‌పల్లి మీద రజాకార్లు పడి ఊరి మగవాళ్లని బురుజు దగ్గర వరసగా నిలబెట్టి కాల్చారు.

కుర్రాడికి పట్టు దొరికింది. "చూశావా అక్కా! ముందే సైన్యాన్ని పంపి ఉంటే ఈయన బతికేవాడు. నేను చెప్పేది అదేగా!"

ఆమె వెంటనే బదులివ్వలేదు. నాకూ ఈ ప్రశ్న తేలిగ్గా దాటవేయాలని లేదు. అతను అన్నదాంట్లో నిజముంది. ఓపిక ఖరీదు ఓపిక పట్టమన్నవాళ్లు కట్టలేదు. బైరాన్‌పల్లి కట్టింది, షోయబుల్లా ఇల్లాలు కట్టింది. కానీ సైన్యం కదిలాక ఏమైందో కూడా అదే నోటితో చెప్పాలి. సెప్టెంబర్ 13న ఆపరేషన్ పోలో మొదలైంది. 17న నిజాం దక్కన్ రేడియోలో లొంగుబాటు చదివాడు. 18న నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి ముందు నిలబడ్డాడు. యుద్ధం అయిదు రోజులే. ఆ తర్వాత జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండ గురించి నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం, ఎంత తక్కువ చేసి చూసినా 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని రాసింది. ఆ నివేదిక జనం చేతికి రావడానికి 2013 దాకా పట్టింది. నెహ్రూ భయపడ్డది ఉత్త పిరికితనం కాదని దాన్ని చదివితే తెలుస్తుంది. పటేల్ తొందర ఉత్త దూకుడు కాదని బైరాన్‌పల్లి చెబుతుంది. మెతక, గట్టి అన్న రెండు పెట్టెల్లో ఏదో ఒకదాంట్లో 1948ని పెట్టి మూత వేయాలంటే, సగం శవాల్ని బయటే వదిలేయాలి.

"గందుకే తమ్మీ," అంది చివరికి, "అక్టోబర్ 27 నాడు గా గుంపు రాకుంటే ఏమయ్యేదో అని అడుగు. ఛత్తారీ ఉండు, మాంక్‌టన్ ఉండు. జూన్ కాయితం దాకా వాళ్లే ఉంటే నిజాం సంతకం పెట్టునేమో. జనం పోకుంటనే అయిపోవునేమో. ఎవలికెరుక?"

ఎవరికీ ఎరుక లేదు. అలా జరిగి ఉంటే అన్న చరిత్ర ఎవరూ రాయలేరు. కానీ జరిగినదాన్ని వరసగా పెట్టి చూడొచ్చు. నవంబర్‌లో దొరికింది అక్టోబర్ కాగితమే. జూన్ కాగితం అక్టోబర్‌ది కాదన్నవాళ్లు అడిగినదానికి చాలా దగ్గరే, అయినా కాదన్నారు. సెప్టెంబర్‌లో ఏ కాగితమూ లేదు. ఎందుకంటే బల్లకు ఇటువైపు అప్పటికి కూర్చున్నవాళ్లకి కాదనడం ఒక్కటే వచ్చు, దాన్ని చూసే వాళ్లను కూర్చోబెట్టారు.

ఇక ఇరాన్. 2015 జూలై 14 ఒప్పందం ప్రకారం ఇరాన్ యురేనియంని 3.67 శాతానికి మించి శుద్ధి చేయకూడదు, 300 కిలోలకి మించి దాచుకోకూడదు. అది కుదరకముందే మార్చిలో 47 మంది రిపబ్లికన్ సెనేటర్లు నేరుగా టెహ్రాన్‌కి బహిరంగ లేఖ రాశారు, ఒబామా దిగిపోగానే ఇది చెల్లదు సుమా అని. 2018 మే 8న ట్రంప్ బయటికొచ్చాడు. ఇంతకంటే మంచి ఒప్పందం తెస్తానన్నాడు. ఒబామా బృందంతో బేరమాడిన ఇరానీ నాయకులు తమ ఊళ్లో తలెత్తుకోలేకపోయారు. అమెరికాని నమ్మొద్దని ముందునుంచీ అరిచినవాళ్లు 2021లో అక్కడ అధికారానికొచ్చారు. అదే ఏడాది ఇరాన్ 60 శాతం శుద్ధి మొదలుపెట్టింది. 2025 జూన్ 22న అమెరికా విమానాలు ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ మీద బాంబులు వేసే నాటికి ఆ మెరుగైన కాగితం రాలేదు. ఒబామా ఒప్పందం లోపాలు లేనిదని నేననను. గడువులు తీరాక ఏమిటన్న ప్రశ్నకి దానిలో జవాబు బలహీనం. కానీ దాన్ని లొంగుబాటు అన్నవాళ్లు కూడా దాని స్థానంలో ఏం తెచ్చారో లెక్క చెప్పాలి కదా.

గుంటూరు కుర్రాడు ఫోన్ తీసి ఏదో రాసుకున్నాడు. ఒప్పుకున్నట్టు కాదు. రేపు మళ్లీ వాదించడానికి పాయింట్లు. ఆమె హాస్టల్ గేటు మూసే టైమైందని చకచకా వెళ్లిపోయింది. రోడ్డు దాటుతుంటే ఆటో డ్రైవర్ తిట్టాడు.

మీకు నచ్చకపోతే ఈ పోలికని వదిలేయండి. హైదరాబాద్ 1947లో అమెరికా అంత దేశం కాదు, ఢిల్లీ హిట్లర్ కాదు, నిజాం ఖొమైనీ కాదు. నేను తీసుకున్నది ఒక్కటే, గుంపు వెళ్లగొట్టిన బృందం స్థానంలోకి ఎవరొచ్చారన్నది. వచ్చిన ముగ్గురిలో మొదటివాడు మొయిన్ నవాజ్ జంగ్. తర్వాత ఆయనే భద్రతామండలికి హైదరాబాద్ బృందం నాయకుడై వెళ్లాడు. అక్టోబర్ కాగితం మీద ఒక్క షరతూ మార్చలేకపోయిన ఆయన వల్ల చరిత్రలో నిలిచిపోయింది వేరే పని. నిజాం లొంగిపోయిన మూడు రోజులకే, 1948 సెప్టెంబర్ 20న, లండన్ బ్యాంకులో హైదరాబాద్ ప్రభుత్వం పేర ఉన్న సుమారు పది లక్షల పౌండ్లని పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకి బదిలీ చేయించాడు. డబ్బు తనదేనని నిజాం, కాదు తమదని పాకిస్తాన్ పట్టుబట్టాయి. బ్యాంకు ఎవరికీ ఇవ్వలేదు. డెబ్బై ఏళ్లలో వడ్డీతో కలిసి అది మూడున్నర కోట్ల పౌండ్లయింది. 2019 అక్టోబర్ 2న లండన్ హైకోర్టు ఆ డబ్బు పాకిస్తాన్‌ది కాదని, భారత ప్రభుత్వానికీ నిజాం వారసులకూ చెందుతుందని తీర్పు చెప్పింది.